తీర్పులు అందరివీ అయినప్పుడు కాపీరైట్ నోటీసు ఎందుకు?

ప్రశ్న: కోర్టు తీర్పులను వెతికిపెట్టే యాప్‌ను వరంగల్ నుంచి నడుపుతున్నాను. తమ డేటాబేస్‌ను నేను కాపీ కొట్టానంటూ ఢిల్లీ ప్రచురణ సంస్థ ఒకటి లాయర్ నోటీసు పంపింది. తీర్పులు ప్రజలవే కదా, జవాబు నేనే రాసుకోవచ్చా?

జవాబు: రాయకూడదని చట్టం చెప్పదు గానీ, దయచేసి ఆ పని చేయకండి. ‘మీ సైట్ నుంచి కొన్ని మాత్రమే తీసుకున్నాం’ అన్న ఒక్క వాక్యం దొర్లినా, రేపు కోర్టులో దాన్ని మీ ఒప్పుకోలుగా చూపిస్తారు.

మీ వాదనలో బలముంది, కానీ దానికో హద్దు కూడా ఉంది. తీర్పులను సీడీల్లో అమ్మిన సంస్థలపై ఈస్టర్న్ బుక్ కంపెనీ వేసిన కేసులో, తీర్పు మూలపాఠంపై ప్రచురణకర్తకు ప్రత్యేక హక్కు లేదని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సంపాదకులు ఆలోచించి పేరాలు విడదీసి నంబర్లు వేయడం, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో, ఎవరు విభేదించారో సూచించడం వంటి వాటికి రక్షణ ఉందని అదే తీర్పు చెప్పింది. తీర్పు పైన సంపాదకులు రాసే సారాంశాల, అంటే హెడ్‌నోట్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి మీ సర్వర్లోకి ఆ పాఠం కోర్టు వెబ్‌సైట్ నుంచి వచ్చిందా, నోటీసు పంపిన సంస్థ పేజీ నుంచి వచ్చిందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

దానికి సమాధానం మీ డౌన్‌లోడ్ లాగ్‌లలో (ఏది ఎప్పుడు ఎక్కడి నుంచి దిగిందో చూపే నమోదుల్లో), కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో ఉంటుంది. కంగారులో ఏదీ తుడిచేయకండి, ఫైళ్ల తేదీలు మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే, ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) ఉన్న సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకే ఆ ఫైళ్లున్న ఫోల్డర్‌కు ఇప్పుడే నకలు తీసి, హ్యాష్ నమోదు చేసి పెట్టుకోండి.

ఇక లాయర్ ఎంపిక. మొదటి భేటీలోనే మీ లాగ్ ఫైలు తెరిచి చూపించండి. అది ఏమిటో ఓపికగా అడిగి తెలుసుకునే వారినే పెట్టుకోండి. పేటెంట్ ఏజెంటుకు సాఫ్ట్‌వేర్ ఎంత బాగా తెలిసినా, న్యాయవాదిగా నమోదు కాకపోతే కోర్టులో మీ తరఫున వాదించలేరు.

కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద ఫిర్యాదుదారు తాను వ్యాపారం చేసే చోటే దావా వేయవచ్చు కనుక, ఢిల్లీలో వాదించగలిగిన వారు అవసరమవుతారు. ఆ సంస్థ దావా వేసి, కోర్టు మీ మాట వినకుండానే యాప్‌పై స్టే తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే జవాబు పంపడానికి ముందే అక్కడ కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టును ముందుగానే కోరే పిటిషన్) వేయించండి. అది 90 రోజులు అమల్లో ఉంటుంది.