ఫోటాన్ల లెక్కలో శబ్దం ఎక్కడిదండీ?

సందేహం: ఒక్క అణువు నుంచి వచ్చే వెలుగుని కొలిచే ప్రయోగాల గురించి వ్యాసం రాస్తున్నాను. బ్యాక్‌గ్రౌండ్ నాయిస్‌ని ‘నేపథ్య శబ్దం’ అని రాస్తే చదివినవాళ్ళు నవ్వారు. ఏమనాలి? ఫోటాన్‌ని, అంటే వెలుగు కణాన్ని, అణువు బయటికి పంపడానికి ‘ఫోటాన్ ఉద్గారం’ అయినా సరైనదేనా?

సమాధానం: నవ్వినవాళ్ళని ఏమీ అనలేం లెండి. నేపథ్యం అనగానే మనకి సినిమా పాటలే గుర్తొస్తాయి, ఇక శబ్దం అంటే వ్యాకరణంలో మాట కూడాను (రామ శబ్దం అంటే రాముడు చేసిన చప్పుడు కాదుగా!). నాయిస్ మాత్రం చెవి నుంచే వచ్చింది, పాత రేడియో వాల్వుల్లో కరెంటు ఒక్కో ఎలక్ట్రాన్ లెక్కన పడడం వల్ల వచ్చే ఒడిదుడుకుల్ని షాట్కీ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త 1918లో లెక్కగట్టాడు, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అది నిజంగానే వినపడేది. ‘రొద’ అన్నా అదీ చెవి మాటే.

అసలు చిక్కు ఏంటంటే ఇందులో రెండు సంగతులున్నాయి. బ్యాక్‌గ్రౌండ్ అంటే మన అణువుది కాని వెలుగు, ద్రావణి చెదరగొట్టేది, మలినాలు వెలిగేది, దానికితోడు డిటెక్టర్ (ఫోటాన్ తగిలినప్పుడల్లా ఒక క్లిక్కు కొట్టే పరికరం) చీకట్లో కూడా ఊరికే కొట్టే క్లిక్కులు. దీన్ని నేనైతే ‘పరాయి వెలుగు’ అంటాను. నాయిస్ అంటే ‘ఒడిదుడుకు’. సెకనుకి సగటున 900 క్లిక్కులు పడుతున్నాయి, అందులో 400 పరాయివి అనుకోండి, అవి తీసేస్తే 500 మిగుల్తాయి, బానే ఉంది, కానీ ఒడిదుడుకు మాత్రం మొత్తం 900కి వర్గమూలం, అంటే 30 దగ్గరే ఉండిపోతుంది, ఉత్త 500కే అయితే 22 చిల్లర ఉండేది. పరాయి వెలుగుని తీసెయ్యొచ్చు, అది తెచ్చిన ఒడిదుడుకుని తీసెయ్యలేం. రెంటికీ ఒకే మాట వాడితే ఈ తేడా ఎలా చెప్తారు?

ఇంకోటి, ఒక్క అణువు ఒక ఫోటాన్ వదిలాక మళ్ళీ ఉత్తేజం పొందితే గానీ రెండోది వదల్లేదు. దీన్నే యాంటీబంచింగ్ అంటారు, దీన్ని 1977లో కింబుల్, డాజెనే, మాండెల్ సోడియం పరమాణువుల్లో చూపించారు. పరాయి వెలుగుకి ఆ కట్టుబాటు లేదు, అందుకే ఒకేసారి జంట క్లిక్కులు కనపడితే పరాయి వెలుగు కలిసిందనో, పక్కన ఇంకో అణువు ఉందనో అనుమానించాలి. దీనికి ‘ప్రతిగుచ్ఛీకరణం’ లాంటి పేరు మాత్రం పెట్టకండి బాబూ, ‘ఫోటాన్ల ఎడం’ అంటే చాలు.

ఉద్గారం అంటారా, పాత నిఘంటువుల్లో అది త్రేన్పు! అయినా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, శీర్షికలో ఉంచుకోండి, లోపల మాత్రం అణువు ఫోటాన్‌ని ‘వదిలింది’ అనే రాయండి.