అద్దె ఇంట్లో గోడ చెమ్మగిల్లితే బాగు చేయించాల్సింది ఎవరు?

మీ ప్రశ్నలో రెండు మూడు విషయాలు కలిసిపోయాయి. పడగ్గది గోడ చెమ్మగిల్లి పెయింట్ పెచ్చులుగా ఊడుతోంది. గీజర్ పనిచేయడం మానేసింది. ఓనర్‌గారేమో "వాడుకునేది మీరు కాబట్టి మీరే చేయించుకోండి" అంటున్నారు. బాగు చేయించేదాకా అద్దె ఆపేయొచ్చా అని కూడా అడిగారు. అద్దె మాత్రం ఆపకండి. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు గోడ సంగతి చూద్దాం.

నేను చాలా ఏళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నాను. ఇప్పుడు అమ్మానాన్నల ఇంట్లో పై వాటా అద్దెకిచ్చాం, దాని రిపేర్లన్నీ నేనే చూసుకుంటాను. రెండు వైపులా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఖర్చు ఎవరిదన్నది ఏ వస్తువు పాడైందన్న దాన్ని బట్టి కంటే, అది ఎందుకు పాడైందన్న దాన్ని బట్టే తేలుతుంది. కారణం తెలియకముందే "మీరు పెట్టుకోండి", "కాదు, మీరే పెట్టాలి" అనుకుంటూ కూర్చుంటే మాటలు పెరుగుతాయే గానీ గోడ ఆరదు.

గోడలోకి తడి వచ్చే దారులు కొన్నే ఉంటాయి. గోడ లోపలి నీళ్ళ పైపు కారుతుండొచ్చు. బాత్రూమ్ నేల నుంచో డ్రైనేజీ పైపు నుంచో దిగుతుండొచ్చు. వాన నీరు బయటి గోడ పగుళ్ళలోంచి లోపలికి రావొచ్చు. పునాది దగ్గర నుంచి తడి పైకి పాకొచ్చు. ఇవన్నీ కట్టడంలో లోపాలు, మీరెంత జాగ్రత్తగా ఉన్నా ఆగేవి కావు. వాటిని సరిచేయించాల్సింది ఓనరే. ఇవి కాక ఇంకో దారి ఉంది. గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. కిటికీలు మూసి ఉంచి తడి బట్టలు లోపలే ఆరేస్తే ఇలా జరుగుతుంది. మీ ఓనర్ "వాడుకునేది మీరు" అన్నది ఈ కారణం దృష్టిలో పెట్టుకునే కావచ్చు. అందుకే ముందు అదో కాదో తేల్చుకోండి.

మేమున్న ఒక ఇంట్లో సరిగ్గా ఇదే వాదన వచ్చింది. పడగ్గదిలో, బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు మోకాలి ఎత్తులో ఒక మరక మొదలైంది. ఓనర్ ఆంటీ చూసి, "బట్టలు లోపల ఆరేస్తున్నారమ్మా, అందుకే" అన్నారు. అప్పుడు నాకు తెలిసిన ఒక పాత ప్లంబర్ గారు ఒక పరీక్ష చెప్పారు. మరక పక్కన, పైకి పొడిగా కనిపించే చోట గోడను గుడ్డతో తుడిచి, అరచేతులు రెండూ పట్టేంత ప్లాస్టిక్ కవర్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించాలి. ఒకటి రెండు రోజులయ్యాక తీసి చూడాలి. గదికి ఎదురుగా ఉన్న వైపు నీటి చుక్కలుంటే అది గదిలోని ఆవిరి. గోడ వైపు చుక్కలుంటే తడి గోడలోంచే వస్తోందని అర్థం. మాకు గోడ వైపే నీళ్ళు పట్టాయి. ఆ కవర్‌ను అలాగే ఆంటీ ముందే ఊడదీసి చూపించాను. ఆవిడ వేలితో ముట్టుకుని చూసి, ఆ తర్వాత బట్టల మాట ఎత్తలేదు.

తడి గోడలోంచే వస్తోందని తేలాక, మరక ఎప్పుడు పెరుగుతోందో గమనించండి. వాన పడ్డాక పెరిగితే బయటి గోడో పై కప్పో చూడాలి. స్నానాలయ్యాక పెరిగి, బాత్రూమ్ వాడని రోజుల్లో తగ్గితే టైల్స్ సందుల్లోంచో డ్రైనేజీ పైపులోంచో దిగుతోంది. ఎవరూ ఇంట్లో లేకపోయినా ఆగకుండా పెరుగుతుంటే నీళ్ళ పైపు కారుతోంది. దీన్ని మీటరుతో రూఢి చేసుకోవచ్చు. కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంక్ నిండాక, నీళ్ళ మీటరు రీడింగ్ ఫోటో తీసి గంట తర్వాత మళ్ళీ చూడండి. ఒక్క చుక్క వాడకుండానే అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. మీటరు లేకపోతే మేడ మీది నీళ్ళ ట్యాంకులోకి నీళ్ళు వచ్చే వాల్వ్ కట్టేసి, లోపలి నీటి మట్టం దగ్గర గీత పెట్టి చూడండి. మా ఇంట్లో మీటరు కదిలింది. టైల్ పగలగొట్టించి చూస్తే లోపలి పైపు మలుపులో ఉండే ఎల్బో దగ్గర వెంట్రుకంత పగులు. ఖర్చు మొత్తం ఆంటీయే పెట్టుకున్నారు, మేము అడగాల్సిన అవసరం కూడా రాలేదు.

చెమ్మ స్విచ్ బోర్డు దాకా పాకినా, కుళాయి ముట్టుకుంటే షాక్ కొట్టినట్టున్నా ఈ పరీక్షలేవీ పెట్టుకోకండి. మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఓనర్‌కు అప్పటికప్పుడే ఫోన్ చేయండి. డబ్బు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక గీజర్. ఇది కాస్త మెలిక ఉన్న వ్యవహారం, దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం, చాలావరకు ఏడేళ్ళలోపు అద్దె ఒప్పందాల్లో, నీళ్ళు వేడిచేసే ఏర్పాటును పనిచేసేలా ఉంచాల్సింది ఇంటి యజమానే. భారత కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన మోడల్ టెనెన్సీ చట్టంలో మాత్రం గీజర్ రిపేర్లు అద్దెదారు జాబితాలో ఉన్నాయి. కుళాయిల వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు తాళాలు కూడా అందులోనే ఉన్నాయి. కట్టడం రిపేర్లు, పైపులు మార్చడం, వైరింగ్, గోడలకు సున్నం వేయడం యజమాని జాబితాలో ఉన్నాయి. అయితే అది నమూనా చట్టం. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకున్న చోటే అమలవుతుంది. పైగా ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే ముందు నిలుస్తుంది. కాబట్టి ఒకసారి అగ్రిమెంట్ తీసి చదవండి. అందులో ఏమీ లేకపోతే నేను పాటించే పద్ధతి చెప్తాను. థర్మోస్టాటో (వేడిని అదుపు చేసేది), ఎలిమెంటో (నీటిని వేడిచేసేది) మారిస్తే సరిపోతుందంటే వాడుకునేవాళ్ళు పెట్టుకుంటారు. లోపలి ట్యాంకు తుప్పు పట్టి కారుతోందంటే, దాని వయసైపోయిందని అర్థం. కొత్తది కొనాల్సింది ఇంటి యజమానే. మీరు ఖాళీ చేసి వెళ్ళాక కూడా ఆ గీజర్ ఇంటికే ఉంటుంది కదా.

ఇప్పుడు అద్దె ఆపడం గురించి. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ఇందుకు ఒక దారి చూపిస్తుంది. యజమాని తాను చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా సహేతుకమైన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. ఇందులో "తాను చేయించాల్సిన" అన్న మాట ముఖ్యం. ఏవేవి చేయించాలో ఆ సెక్షన్ జాబితా ఇవ్వదు, అందుకే అగ్రిమెంట్‌లో రిపేర్ల మాట స్పష్టంగా ఉండాలని నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను. మోడల్ చట్టంలోనైతే ఒక నెలలో తగ్గించుకునేది ఆ నెల అద్దెలో సగం దాటకూడదు. ఏ దారిలో వెళ్ళినా ముందు నోటీసు, తర్వాత గడువు, ఆ తర్వాత బిల్లు ఉండాలి. ఇవేవీ లేకుండా అద్దె మొత్తం ఆపేస్తే తప్పు మీ వైపుకు తిరుగుతుంది. బకాయి పేరుతో ఖాళీ చేయమనడానికి మీరే కారణం ఇచ్చినవాళ్ళవుతారు.

నోటీసు అంటే కంగారు పడాల్సిన పనిలేదు. మొదట వాట్సాప్‌లో మర్యాదగా రాసినా చాలు, కానీ రాయాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం మిగలదు. నేనైతే ఇలా రాస్తాను: "నమస్తే అండీ. బాత్రూమ్ పక్క పడగ్గది గోడకు చెమ్మ వస్తోంది, ఫోటోలు పంపుతున్నాను. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు తిరుగుతోంది, ఆ వీడియో కూడా పెట్టాను. లోపలి పైపు కారుతున్నట్టుంది. వచ్చే ఆదివారంలోపు ప్లంబర్‌ను పంపగలరా? మేము సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాం." ఇందులో నింద లేదు, కారణం ఉంది, గడువు ఉంది. ఓనర్ వైపు నుంచి చూస్తే, ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు నాకు టెన్షన్ తగ్గుతుంది, ఎవరిని పంపాలో వెంటనే తెలుస్తుంది.

ఆలస్యం చేస్తే మీకే నష్టం. మా పై వాటాలో అద్దెకున్నవాళ్ళు కిచెన్ సింక్ కింద పైపు కారుతుంటే కొన్ని నెలలపాటు బకెట్ పెట్టుకుని నెట్టుకొచ్చారు, మాకు చెప్పలేదు. మాకు తెలిసేసరికి కప్‌బోర్డు అడుగు చెక్క ఉబ్బి, చేత్తో లాగితే పొరలుగా వచ్చేసింది. పైపు ఖర్చు పూర్తిగా మేమే పెట్టుకున్నాం, చెక్క ఖర్చు చెరిసగం పంచుకున్నాం. వాళ్ళు మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఒక్క రూపాయి కూడా అడిగేవాళ్ళం కాదు. సెక్షన్ 108 కూడా అద్దెదారు వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలను మినహాయించి, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలంటుంది. అద్దెదారు వల్ల లోపం వస్తే నోటీసు అందాక 3 నెలల్లో సరిచేయాలంటుంది.

పెయింట్ గురించి ఒక మాట. పైపు బాగు చేయించగానే ఓనర్ మరుసటి రోజే పెయింటర్‌ను పంపిస్తానంటే వద్దనండి. లోపలి ప్లాస్టరింగ్ ఆరడానికి వారాలు పడుతుంది. తడి మీద రంగు వేస్తే మళ్ళీ ఉబ్బి ఊడుతుంది, అప్పుడు "బాగు చేయించాక కూడా పాడుచేశారు" అనే మాట మీ మీదికి వస్తుంది. ఊడిన చోట గీకించి, ఆ గోడకు ఆనించిన మంచమో బీరువానో ముందుకు జరిపి గాలి ఆడనివ్వండి. ఇందాకటి ప్లాస్టిక్ కవర్ మళ్ళీ అంటించి చూడండి. గోడ వైపు పొడిగా ఉంటే అప్పుడు రంగు వేయించమని చెప్పండి.