చెట్టెక్కే పనికి బ్రిటన్ వెళ్లాలంటే 7 లక్షల అప్పు చేయాలా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో గీత కార్మిక కుటుంబం. సిద్దిపేట జిల్లా ములుగు అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ చదివాను. తాళ్లతో చెట్టెక్కి కొమ్మలు కోసే పనిలో ఈమధ్యే శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకున్నాను. వయసు 25, పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో జీతం 24,000. నెలకు 10,000 మిగులుతోంది. 3.2 లక్షలు దాచుకున్నాను. బ్రిటన్‌లో ట్రీ సర్జన్ ఉద్యోగం, స్పాన్సర్ వీసా ఇప్పిస్తానని ఒక ఏజెంటు 7 లక్షలు అడుగుతున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బ్రిటన్ వెళ్లండి, ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అతను చెబుతున్న దారి ఇప్పుడు లేదు. 2025 జూలై 22 నుంచి అక్కడ యజమాని స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు డిగ్రీ స్థాయి ఉద్యోగం, సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. మీకు డిగ్రీ ఉంది, నిజమే. కానీ వాళ్లు చూసేది ఉద్యోగం స్థాయిని. చెట్టెక్కి కోసే పనిని ఆ స్థాయిలో లెక్కగట్టరు. పైగా మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతే. రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

మీకు సరిపోయే దారి వేరే ఉంది: ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 18 నుంచి 30 ఏళ్ల వయసు, కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి లాటరీ తీసి రెండేళ్ల వీసా ఇస్తారు. లాటరీకి పేరు ఇవ్వడం ఉచితం. ఎంపికైతేనే ఖర్చు మొదలవుతుంది. 2025లో వీసా రుసుము 319 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రెండేళ్ల ఆరోగ్య సర్‌చార్జి 1,552 పౌండ్లు. పౌండును 120 రూపాయలనుకుంటే రెండూ కలిపి 2.25 లక్షలు. ఇవి కాక 2,530 పౌండ్లు, అంటే దాదాపు 3.04 లక్షలు, వరుసగా 28 రోజులు మీ ఖాతాలో ఉండాలి. విమానం టికెట్టు, క్షయ పరీక్ష కలుపుకుంటే మొత్తం 6 లక్షలు.

ఏజెంటు అడిగినదానికీ దీనికీ పెద్ద తేడా లేదే అనిపించవచ్చు. కానీ ఈ 6 లక్షల్లో సగం మీ ఖాతాలోనే ఉంటుంది. అక్కడ దిగాక మొదటి రెండు నెలల అద్దె, తిండి దాంట్లోంచే. ఆ 7 లక్షల అప్పుకైతే వడ్డీయే నెలకు 14,000, రెండేళ్లకు 3.36 లక్షలు. యంగ్ ప్రొఫెషనల్స్ వీసాను పొడిగించరు. కాబట్టి రెండేళ్లలో తీరని అప్పు ఏదీ మీకు పనికిరాదు.

మీకు తక్కువ పడేది 2.8 లక్షలు. ఏడాది ఆగితే 1.2 లక్షలు మీరే కూడబెడతారు. మిగతా 1.6 లక్షలకు అమ్మగారి బంగారం మీద బ్యాంకులో రుణం తీసుకోండి, అదీ లాటరీలో పేరు వచ్చాకే. లాటరీ తగలకపోతే మళ్లీ పేరివ్వండి, మీకింకా వయసుంది.

ఇక సంపాదన సంగతి. మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ చూసి అక్కడ రంపం చేతికివ్వరు. సిటీ అండ్ గిల్డ్స్ లేదా లాంట్రా అనే సంస్థలు ఇచ్చే యోగ్యతా పత్రాలు అడుగుతారు. పనివాళ్లు వాటిని 'టికెట్లు' అంటారు. ముందు చైన్‌సా (మోటారు రంపం) నిర్వహణ, నేల మీద దుంగలు కోయడం. ఆ తర్వాత చెట్టెక్కడం, పైన చిక్కుకున్న మనిషిని దింపడం. చివరికి తాడు మీద వేలాడుతూ రంపం వాడటం. అందుకే మొదట్లో కింద నిలబడి కొమ్మలు ఈడ్చే పనే దొరుకుతుంది. నామోషీ పడకండి. 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు, వారానికి 40 గంటలు చేస్తే పన్నులు పోను నెలకు 1,800 పౌండ్ల దాకా చేతికొస్తుంది. ఒక్కో టికెట్‌కు వెయ్యి పౌండ్లు కేటాయించుకుని, జీతంలోంచే ఒకటొకటిగా పూర్తిచేయండి.

"సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా రా, రోజుకూలీ ఎక్కువిస్తాం" అనేవాళ్లు ఎదురవుతారు. మీ వీసాలో దానికి అనుమతి ఉంది, పరికరాల విలువ 5,000 పౌండ్లు దాటకూడదు. అయినా మొదటి ఏడాది వద్దు. ఉద్యోగిగా ఉంటే రక్షణ దుస్తులు, హెల్మెట్ యజమానే ఉచితంగా ఇవ్వాలి, మీకు దెబ్బ తగిలితే పరిహారం కోసం బీమా కూడా అతనే చేయించి ఉండాలి. సొంతంగా చేస్తే అవేవీ ఉండవు. ఉద్యోగికైనా జబ్బు చేసినప్పుడు చట్టప్రకారం వచ్చే భృతి 2025-26లో వారానికి 118.75 పౌండ్లే. భుజం విరిగి ఆరు వారాలు మంచాన పడితే అద్దెకే చాలదు.

నాన్నగారు చెట్టెక్కే ముందు మోకు పురిని వేళ్లతో తడిమి చూసుకోవడం మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. మీ బీమా పత్రాన్నీ అలాగే చూడండి. మామూలు ప్రయాణ బీమాలో ఎత్తుల మీద పనిని మినహాయిస్తారు. ఇక్కడినుంచి బయల్దేరే ముందే 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. దరఖాస్తులో ఏం పనిచేస్తారన్న చోట 'ఉద్యోగి' అని సరిపెట్టకుండా, విదేశంలో చెట్టెక్కి రంపంతో కోస్తానని స్పష్టంగా రాయండి. ప్రీమియం పెరిగినా సరే. దాచిపెడితే క్లెయిము తిరస్కరించే అధికారం కంపెనీకి వస్తుంది. అక్కడ చేరాక, పని చేయలేని వారాలకు డబ్బిచ్చే ప్రమాద బీమా కూడా తీసుకోండి.

మరొక్క మాట. వెళ్లిన మొదటి మూడు నెలలు ఇంటికి ఏమీ పంపలేరు. నాన్నగారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. ఆ మూడు నెలల బంగారు రుణం వడ్డీ డబ్బులు అమ్మగారి ఖాతాలో వేసి, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనండి.