సర్వర్ ఆపినా బిల్లు వచ్చింది, క్లౌడ్ కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం, కిరాణా షాపు. అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. క్లౌడ్ ప్రాక్టీసు కోసమని నా కార్డు ఇచ్చి అకౌంటు తెరిచింది. సర్వర్ ఆపేశానంటోంది, అయినా నెల తిరిగేసరికి రూ.3,800 బిల్లు పడింది. ఇది మాన్పించి జావాలో చేర్చాలా?

జవాబు: మాన్పించకండి. అమ్మాయి మీద కోప్పడకండి కూడా. సర్వర్ నిజంగానే ఆపి ఉంటుంది. కానీ షట్టర్ దించినంత మాత్రాన గోడౌన్ అద్దె ఆగదు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా!

క్లౌడ్ అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు అద్దెకు తీసుకోవడం. ఎక్కువమంది నేర్చుకునే అమెజాన్ క్లౌడ్ లెక్కే చూద్దాం. సర్వర్‌ని ‘స్టాప్’ చేస్తే దాని గంటల చార్జీ ఆగుతుంది, దానికున్న డిస్కు చార్జీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా) 2024 ఫిబ్రవరి నుంచి, వాడినా వాడకపోయినా గంటకు అర సెంటు పడుతోంది. ఇవి చిల్లర. నా అనుమానమంతా నాట్ గేట్‌వే మీద, అంటే లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కి కలిపే ద్వారం మీద. వీడియో పాఠాల్లో నెట్‌వర్కింగ్ ల్యాబ్ అనగానే దాన్ని పెట్టిస్తారు, తీసేయమని చెప్పే ముక్క దాకా పిల్లలు చూడరు. అమెరికాలోని వర్జీనియా రీజియన్‌లో (రీజియన్ అంటే సర్వర్లుండే ప్రాంతం) దాని రేటు గంటకు నాలుగున్నర సెంట్లు. నెలకు 730 గంటలు వేసుకుంటే 32 డాలర్లు దాటుతుంది. దాని ఐపీ అడ్రస్, పైన 18 శాతం జీఎస్టీ కలిపితే మీ బిల్లుకు దగ్గరగా వచ్చేశాం.

ఇంకో తిరకాసు. అమ్మాయి హైదరాబాద్ రీజియన్ తెరిచి వెతికితే వర్జీనియాలో నడుస్తున్నది కనపడదు. బిల్లుల పేజీ తెరవమనండి, ఏ రీజియన్‌లో ఏది తింటోందో అక్కడ విడివిడిగా ఉంటుంది. అన్నీ తీసేశాక, స్టూడెంట్‌నని చెప్పి సపోర్ట్‌కి టికెట్ పెట్టమనండి. ఒక్కోసారి మాఫీ చేస్తారు, గ్యారంటీ లేదు. బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకోవాలి. అయితే అది మెయిల్ పంపుతుంది గానీ, ఖర్చుని తనంతట తాను ఆపదు.

ఇక ఉద్యోగం సంగతి. మీ ఇంట్లో జరిగిందే కంపెనీల్లో పెద్ద ఎత్తున జరుగుతుంది. ప్రాజెక్టు అయిపోతుంది, టీమ్ మారిపోతుంది, టెస్ట్ సర్వర్లు అలాగే ఉండిపోతాయి. ఆ ఖర్చు చూసే పనిని ఫిన్‌ఆప్స్ అంటారు. లైనక్స్ ఫౌండేషన్ కింద ఉన్న ఫిన్‌ఆప్స్ ఫౌండేషన్ సర్టిఫికెట్ పరీక్ష కూడా పెడుతుంది. ఆ కాగితం చూపిస్తే ఫ్రెషర్‌కి ఉద్యోగం వచ్చేస్తుందని మాత్రం నేను చెప్పను. ముందు క్లౌడ్ సపోర్ట్‌లోనో, డెవ్‌ఆప్స్‌లోనో (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లలో పెట్టి నడిపే పని) రెండు మూడేళ్లు చేసి ఇటు రావడం మేలు.

ఎందుకంటే ఇందులో వెతకడం తేలిక, తీసేయడమే కష్టం. ఏ సర్వర్‌కీ తగిలించని డిస్కుని డిలీట్ చేయడం నిమిషం పని. అందులో ఆడిట్ కోసం దాచిన డేటా ఉంటే? అందుకే ముందు ట్యాగ్ (దానికి తగిలించిన పేరు చీటీ) చూసి అది ఎవరిదో కనుక్కోవాలి, స్నాప్‌షాట్ (డిస్కుకి కాపీ) తీసుకోవాలి, రెండు వారాలు ఆగాలి. ఎవరూ అడగకపోతే అప్పుడు తీయాలి. (ఆ స్నాప్‌షాట్‌కీ చార్జీ ఉంటుంది. దాన్ని మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చేవాళ్లూ ఉన్నారు.)

జావా నేర్చుకుంటే నష్టమేమీ లేదు, దానికోసం ఇది మానక్కర్లేదు. లైనక్స్, పైథాన్ కూడా పట్టు చిక్కేదాకా చేయమనండి. ఈ బిల్లుని పారేయనివ్వకండి. ఏ లైనుకి ఎంత పడిందో, ఎందుకు పడిందో, ఎలా తీసిందో ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు తమ పని పెట్టుకునే సైటు) పెట్టుకుంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత అనుభవం ఉంటుంది. పెట్టేముందు మీ పేరు, అకౌంటు నంబరు చెరిపేయమనండి.