కంటైనర్ల మీద మొదటి మీటప్ పెడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

కంటైనర్ల మీద, అంటే ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో కలిపి మిగతావాటి నుంచి విడిగా నడిపే పద్ధతి మీద, మీటప్ పెడుతున్నారని, మొదటి టాక్ నీదేనని తెలిసి చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ప్లాన్ శ్రద్ధగా చదివాను. రెండు గంటల్లో కంటైనర్లు నడిపే డాకర్, వాటిని చాలా మెషీన్ల మీద నిర్వహించే కుబర్నెటీస్, హెల్మ్, సర్వీస్ మెష్, మానిటరింగ్ అన్నీ పెట్టేశావు. మొదటిది ఉంచి మిగతావన్నీ తీసెయ్. వచ్చేవాళ్ళలో చాలామంది ఆఫీసులో ఎవరో రాసిపెట్టిన యామల్ ఫైల్‌ని, అంటే సెట్టింగుల ఫైల్‌ని, కాపీ చేసి వాడుకుంటున్నవాళ్ళే. వాళ్ళకి ఇంకో నాలుగు కొత్త పేర్లు చెబితే ఒరిగేదేమీ లేదు. రోజూ వాడుతున్నదాని లోపల ఏం జరుగుతోందో విప్పి చూపిస్తే జన్మలో మర్చిపోరు. తక్కువ చెబితే చిన్నబోతామేమో అనుకోకు. 2013 మార్చిలో డాకర్ తయారుచేసిన సాలమన్ హైక్స్, పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్‌లో దాన్ని ప్రపంచానికి చూపించింది ఒక 5 నిమిషాల టాక్‌లోనే.

కంటైనర్ అంటే చిన్న వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో పూర్తి కంప్యూటర్ అని చాలామంది మనసులో పడిపోయింది. స్లైడ్ మీద రెండు బొమ్మలు పక్కపక్కన వేసినంత మాత్రాన అది పోదు. రెండు టెర్మినళ్ళు తెరువు. ఒకదాంట్లో ఏమీ చెయ్యకుండా ఊరికే ఆగి ఉండే స్లీప్ కమాండ్‌తో ఒక కంటైనర్ నడిపి, లోపలికి వెళ్ళి, నడుస్తున్న ప్రాసెస్‌ల (ప్రోగ్రామ్‌ల) జాబితా చూపే పీఎస్ కొట్టు. స్లీప్ ప్రాసెస్ నంబర్ 1 అని వస్తుంది. ఇప్పుడు రెండో టెర్మినల్లో, అంటే బయట మెషీన్ మీద, పీఎస్ కొట్టు. అదే స్లీప్ ఇంకేదో పెద్ద నంబర్‌తో మిగతా ప్రాసెస్‌ల మధ్య కనిపిస్తుంది. అక్కడ కాసేపు ఆగు, ఏమీ మాట్లాడకు. చూసేవాళ్ళకి అర్థం కావడానికి ఆ టైమ్ కావాలి. ఆ తర్వాత చెప్పు: ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఒక్కటే, ప్రాసెస్ కూడా ఒక్కటే, దానికి ఏం కనిపించాలో నేమ్‌స్పేస్‌లు నిర్ణయిస్తాయి, ఎంత వాడుకోవాలో సీగ్రూప్స్ నిర్ణయిస్తాయి.

అక్కడితో ఆపకు. బయటి నుంచి ఆ పెద్ద నంబర్‌కి మామూలు కిల్ కొట్టు, అది ఆగిపొమ్మని చెప్పే టర్మ్ సిగ్నల్ పంపుతుంది. స్లీప్ కదలదు. బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ కొడితే పోతుంది. నేమ్‌స్పేస్‌లో నంబర్ 1గా ఉన్న ప్రాసెస్, టర్మ్ సిగ్నల్‌కి తనే హ్యాండ్లర్ పెట్టుకోకపోతే కెర్నల్ ఆ సిగ్నల్‌ని పట్టించుకోదు. డాకర్ స్టాప్ కొట్టినప్పుడు కొన్ని సర్వీసులు సరిగ్గా 10 సెకన్లు, అంటే డాకర్ ఇచ్చే గడువు అయ్యేదాకా, మొండికేసి ఆ తర్వాత పోవడానికి ఎక్కువగా కారణం ఇదే. కుబర్నెటీస్‌లో అయితే ఆ గడువు మామూలుగా 30 సెకన్లు. గదిలో కనీసం ఒకరైనా "మా డిప్లాయ్‌మెంట్ ఆలస్యం ఇందుకేనా!" అంటారు. నీ టాక్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే అవుతుంది, కాబట్టి దీనికి టైమ్ ధారాళంగా ఇవ్వు.

ఈ డెమో లినక్స్ మెషీన్ మీదే చెయ్. మ్యాక్ మీద డాకర్ డెస్క్‌టాప్ లోలోపల ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ నడుపుతుంది. అందుకని బయట పీఎస్‌లో ఆ ప్రాసెస్ కనపడదు, నువ్వు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం చూపించినట్టవుతుంది.

రెండో డెమో మెమరీ మీద పెట్టుకో. 64 ఎంబీ లిమిట్ ఇచ్చి, మెమరీ తింటూ పోయే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ నడుపు. కెర్నల్ దాన్ని చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసినప్పుడు వచ్చే నంబర్) 137 వస్తుంది. 128కి సిగ్నల్ నంబర్ 9 కలిపితే 137 అని బోర్డు మీద రాసి చూపించు. ప్రొడక్షన్‌లో ఆ నంబర్ చూసి టెన్షన్ పడినవాళ్ళు చాలామందే ఉంటారు. డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో ఓఓఎమ్ కిల్డ్, అంటే మెమరీ చాలక చంపేశారు, అన్న లైన్ కూడా చూపించు. ఎందుకంటే 137 వచ్చిన ప్రతిసారీ తప్పు మెమరీదే కానక్కర్లేదు. ఇందాక నువ్వు కొట్టిన కిల్ మైనస్ నైన్‌కీ అదే నంబర్ వస్తుంది.

ఇక వైఫై సంగతి. ఇమేజ్‌లు, అంటే కంటైనర్ నడపడానికి కావలసిన ఫైళ్ళ మూటలు, దొరికే డాకర్ హబ్ 2020 నవంబర్ నుంచి పరిమితి పెట్టింది. లాగిన్ అవ్వకుండా దించుకుంటే ఒక ఐపీ అడ్రస్‌కి 6 గంటల్లో 100 పుల్స్ (డౌన్‌లోడ్లు). గదిలో అందరూ ఒకే వైఫై మీద ఉంటే బయటికి అందరిదీ ఒకటే అడ్రస్. 40 మంది తలా మూడు ఇమేజ్‌లు లాగితే లెక్క దాటిపోయినట్టే, టూ మెనీ రిక్వెస్ట్స్ అని ఎర్రర్ వస్తుంది. కాబట్టి కావలసిన ఇమేజ్‌లు ముందే దించుకుని రమ్మని అందరికీ మెయిల్ పెట్టు. ఎలాగూ కొందరు చదవరు. వాళ్ళ కోసం డాకర్ సేవ్‌తో టార్ ఫైళ్ళు చేసి నాలుగు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకో, డాకర్ లోడ్ కొడితే ఇంటర్నెట్‌తో పనే ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్‌కి ఒక ఫైల్, ఆర్మ్ ప్రాసెసర్‌కి ఒక ఫైల్ విడివిడిగా ఉండాలి. కొత్త మ్యాక్‌లన్నీ ఆర్మ్ కదా. తేడా పడితే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని రావచ్చు, పాపం వాళ్ళు తమకే ఏదో చేతకాలేదనుకుంటారు. ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని వదిలెయ్యకుండా వెర్షన్ నంబర్ రాసి ఇవ్వు. లేకపోతే ఒకరు మొన్న దించుకున్నదీ ఇంకొకరు ఇవాళ దించుకున్నదీ ఒకటి కాకపోవచ్చు.

టెర్మినల్ అక్షరాలు చివరి వరసకి కనపడాలి, ముందు రోజు నువ్వే వెళ్ళి అక్కడ కూర్చుని చూసుకో. సాయం చేసే ఇద్దరిని వెనక నిలబెట్టు. ఎవరి లాప్‌టాప్ అయినా మొరాయిస్తే నువ్వు స్టేజి దిగకు, వాళ్ళే చూసుకుంటారు. నువ్వు దిగావా, మిగతా అందరూ ఫోన్లు తీస్తారు.

కుబర్నెటీస్ ఎందుకు లేదని తప్పకుండా అడుగుతారు. వచ్చే నెల టాక్ అదేనని చెప్పు. ఈసారి వచ్చినవాళ్ళలో ఒకరిని అప్పటికి సిద్ధం చెయ్, ప్రతిసారీ నువ్వే మాట్లాడితే అది మీటప్ కాదు, నీ క్లాసు అవుతుంది. ముఖ్యంగా టాక్ అయ్యాక మెల్లిగా నీ దగ్గరికి వచ్చి, అందరిలో అడగలేక ఆగిపోయిన ప్రశ్న అడిగే పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్లనే అడిగి చూడు.

మార్చిన ప్లాన్ ఈ వారంలో పంపు. రిహార్సల్ ఎప్పుడు పెట్టుకుంటావో కూడా రాయి, నేను వస్తాను. వైఫై పూర్తిగా ఆపేసి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చేసి చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి