మోర్మన్ కుటుంబాలకి వారమంతా చర్చి పనేనా? తప్పించుకోవడానికి అలా చెప్తారా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. పక్కింటివాళ్ళు మోర్మన్లు, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంవాళ్ళు. నలుగురు పిల్లలు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. భోజనానికి ఎప్పుడు పిలిచినా "ఆ రోజు చర్చి పని ఉంది" అంటారు. నిజంగానే అంత పనుంటుందా, లేక మొహమాటానికి అలా అంటున్నారా?

జవాబు:

మొహమాటం కాదండీ, నిజంగానే ఉంటుంది. అయితే ఆ పని బయటివాళ్ళు అనుకునే చోట ఉండదు.

ఆదివారం ఆరాధన రెండు గంటలే. పదింటికి మొదలై ఒంటిగంట దాటినా ముగియని సంఘాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి కాబట్టి, తెలుగు క్రైస్తవులకి రెండు గంటలంటే తక్కువే అనిపిస్తుంది. కానీ మన సంఘాల్లో పాస్టరుగారు ఉంటారు. వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ళ ఇంటికెళ్ళి ప్రార్థన చేయడం, లెక్కలు చూడటం చాలావరకు ఆయనా, పాస్టరమ్మగారూ చూసుకుంటారు. వీళ్ళ స్థానిక సంఘంలో జీతం తీసుకునే పాస్టరు లేడు. బిషప్పు అంటే పగలు ఏ పళ్ళ డాక్టరో, అకౌంటెంటో అయి ఉంటాడు. దాదాపు ఐదేళ్ళు పైసా తీసుకోకుండా వార్డు నడిపి, దిగిపోయిన మర్నాటి వారమే ఏడేళ్ళ పిల్లల తరగతికి పాఠం చెప్తూ కనిపించవచ్చు. వార్డు అంటే ఒక ప్రాంతంలో ఉన్నవాళ్ళంతా కలిసిన సంఘం. కొన్ని వార్డులు కలిస్తే స్టేకు. మన దేశంలో మొదటి స్టేకు 2012 మేలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అక్కడా ఇదే పద్ధతి, ఇవే బాధ్యతలు.

ఈ బాధ్యతల్ని వాళ్ళు 'పిలుపు' అంటారు. అడిగి తీసుకునేది కాదు, బిషప్పుగానీ ఆయన సలహాదారుగానీ కూర్చోబెట్టి "ఈ పని మీరు చేస్తారా" అని అడుగుతారు. కాదనడం చాలా అరుదు. కుటుంబం ఖాళీ సమయం పోయేది ఇక్కడే.

పిల్లల విభాగం ఒక్కటే తీసుకుని లెక్క వేసి చూడండి. దాన్ని ప్రైమరీ అంటారు. వయసుల ప్రకారం ఆరు తరగతులు ఉన్నాయనుకుందాం. పిల్లల భద్రత కోసం ప్రతి గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలన్నది ఇప్పటి నియమం, కాబట్టి టీచర్లే పన్నెండు మంది. పసిపిల్లల నర్సరీకి కనీసం ఇద్దరు. అధ్యక్షురాలు, ఇద్దరు సలహాదారులు, కార్యదర్శి. పాటలు నేర్పేవాళ్ళు ఒకరు, పియానో వాయించేవాళ్ళు ఒకరు. మొత్తం ఇరవై మంది. ఇది ఒక్క విభాగమే. యువకులు, యువతులు, ఉపశమన సమాజమనే స్త్రీల బృందం, కోరమనే పురుషుల బృందం, పెద్దల సండే స్కూలు, క్లర్కులు, సంగీతం ఇంకా మిగిలే ఉన్నాయి. నియమం మంచిదే, తప్పనిసరిగా ఉండాల్సిందే. కానీ దానివల్ల మనుషుల అవసరం దాదాపు రెట్టింపయింది, వార్డులో మనుషులు మాత్రం అంతే ఉన్నారు. అందుకే ఓపికగా, వేళకి వచ్చే పది పన్నెండు కుటుంబాల మీదే బరువంతా పడుతుంది. మీ పక్కింటివాళ్ళు అలాంటివాళ్ళే అయి ఉంటారు.

ఆ ఇంట్లో ఆదివారం ఎలా గడుస్తుందో చెప్తాను. ఆరాధన తొమ్మిదింటికి. భర్త బిషప్పుకి సలహాదారు, భార్య ప్రైమరీ అధ్యక్షురాలు అనుకోండి, ఇలాంటి జోడీలు మామూలే. ఏడింటికి బిషప్పుతో సమావేశం, ఆ వెంటనే వార్డు కౌన్సిల్ కాబట్టి ఆయన ఆరున్నరకే ఇంట్లోంచి బయటపడతాడు. పిల్లల్ని లేపడం, తెల్లచొక్కాలకి గుండీలు పెట్టడం, రెండో బూటు కోసం ఇల్లంతా వెతకడం అన్నీ ఆమె పనే. ఎనిమిదీ పదికి ఫోను మోగుతుంది. ఐదేళ్ళ పిల్లల టీచరుకి జ్వరం. రెండో టీచరు ఒక్కరే మిగిలితే తరగతి నడపకూడదు. పక్క వయసు తరగతితో కలిపేయాలి, లేదా పురుషుల కోరంలోంచి ఎవరో ఒక తండ్రిని గదిలో కూర్చోమని బతిమాలాలి. ఒక చేత్తో కూతురికి జడ వేస్తూ ఇంకో చేత్తో నాలుగైదు మెసేజీలు పెడుతుంది.

ఎనిమిదీ యాభైకల్లా బెంచీ మీద ఉండాలి. భర్త ఎదురుగా వేదిక మీదే కనిపిస్తుంటాడు, కానీ చిన్నోడు బెంచీ కిందకి దూరి ముందు వరసవాళ్ళ కాళ్ళు పట్టుకున్నా దిగి రాలేడు. ఆమె సంచీలో జిప్ కవరు నిండా చీరియోస్ అనే ఓట్స్ రింగులు ఉంటాయి. అవి కింద పడినా మరక పడదు, నమిలినా చప్పుడు రాదు. ద్రాక్షపళ్ళు తెస్తే దొర్లుకుంటూ మూడు బెంచీలు దాటిపోతాయి. గుడ్డతో కుట్టిన బొమ్మల పుస్తకం ఒకటి ఉంటుంది, అందులో జిప్పు లాగొచ్చు, గుండీ పెట్టొచ్చు, బూటు లేసు కట్టొచ్చు. సంస్కారం అందించేటప్పుడు, అంటే రొట్టె ముక్కలూ చిన్న కప్పుల్లో నీళ్ళూ కుర్రాళ్ళు వరస వరసకీ తెచ్చేటప్పుడు, హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ పది నిమిషాల కోసమే ఆ సంచీ అంతా.

నర్సరీలోకి 18 నెలలు నిండితేనే తీసుకుంటారు. 17 నెలల బిడ్డ ఉన్న తల్లికి రెండో గంట కూడా వరండాలో బిడ్డ వెనక తిరగడమే. అందుకే ఆ తల్లులు పుట్టినరోజు కంటే 18 నెలలు నిండే ఆదివారాన్నే ఎక్కువ లెక్కపెట్టుకుంటారు.

పదింటికి ఆరాధన అయ్యాక పది నిమిషాల విరామం, తర్వాత యాభై నిమిషాల తరగతి. పదకొండుకి ఇంటికి వెళ్ళొచ్చనుకుంటే, ఆయన క్లర్కుతో కలిసి దశమభాగాలూ ఉపవాస కానుకలూ లెక్కపెట్టాలి. ఒక్కరే లెక్కపెట్టకూడదు, ఇద్దరుండాలి. ఆ తర్వాత సభ్యులతో ఇంటర్వ్యూలు. ఇంటికి చేరేసరికి ఒంటిగంట, రెండు. ఒకే భవనాన్ని రెండు మూడు వార్డులు పంచుకునే చోట జనవరిలో వేళలు మారుస్తారు. మధ్యాహ్నం వేళ వచ్చిందంటే ఆ ఏడంతా ఆదివారం పసిపిల్లల నిద్ర పోయినట్టే. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం, ఆ డబ్బు కానుకగా ఇస్తారు. పసివాళ్ళకీ పాలిచ్చే తల్లులకీ ఉపవాసం ఉండదు, కాబట్టి పస్తుండి మరీ వండాలి. అనుభవమున్న ఇళ్ళలో శనివారం రాత్రే అన్నీ తరిగి పెట్టుకుంటారు.

ఇక వారం. సోమవారం సాయంత్రం కుటుంబానికే. 1915లో ఈ అలవాటు మొదలుపెట్టమన్నారు, 1970లో సోమవారమని ఖాయం చేశారు. ఆ సాయంత్రం చర్చిలో వేరే ఏ కార్యక్రమమూ పెట్టరు. బుధవారమో ఇంకో రోజో యువకుల కార్యక్రమం. ఇంకో రాత్రి ప్రైమరీ నాయకుల సమావేశం. వంతు వచ్చినప్పుడు శనివారం పొద్దున చర్చి భవనం శుభ్రం చేయాలి. వాక్యూమ్ కొట్టేది, బాత్రూములు కడిగేది సభ్యులే. ఎవరైనా ఇల్లు మారితే ట్రక్కు ఎక్కించడానికి మగవాళ్ళు, బిడ్డ పుట్టిన ఇంటికి భోజనం పంపడానికి ఆడవాళ్ళు. ఇవన్నీ నిజంగా గొప్ప పనులు. కష్టంలో ఉన్న ఇంటికి గంటలో పది చేతులు వస్తాయి. కానీ సాయం పొందే ఇల్లు మారుతుంటుంది, చేసే చేతులు మాత్రం అవే.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ భారం సెమినరీ. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ళపాటు లేఖనాల క్లాసు. చర్చి కేంద్రం ఉన్న యూటా రాష్ట్రంలో అయితే బడి వేళల్లోనే ఒక పీరియడు వదిలి, పక్కనే ఉన్న చర్చివాళ్ళ గదికి వెళ్ళొస్తారు. 1912లో సాల్ట్ లేక్ దగ్గర ఒక హైస్కూలు పక్కన మొదలైన పద్ధతి అది. టెక్సస్‌లో ఆ వెసులుబాటు లేదు కాబట్టి బడికి ముందే, చాలాచోట్ల పొద్దున్న ఆరింటికి. ఆరింటికి క్లాసంటే ఐదుంబావుకి లేవాలి. సాయంత్రం ఆటల ప్రాక్టీసు, హోంవర్కు అయ్యేసరికి పదకొండు. ఆరు గంటల నిద్ర. హైస్కూళ్ళు 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది, ఆ వయసులో నిద్ర ఆలస్యంగా పడుతుంది కాబట్టి. కారు నడిపేది కూడా తరచూ ఆ పదహారేళ్ళ పిల్లే, చీకట్లో. భక్తి నేర్పడానికి పిల్లల నిద్రే ఎందుకు కోయాలి? ఆన్‌లైన్ సెమినరీ ఉంది. పిల్లలు క్లాసులో తల వాల్చేస్తున్న ఇంట్లో తల్లిదండ్రులు వెంటనే దానికి మార్చమని అడగాలి. భక్తి తక్కువైనట్టు అనుకోనక్కర్లేదు. ఆ క్లాసు చెప్పే టీచరు కూడా జీతం లేని మనిషే. ఐదు రోజుల పాఠాలు రాత్రుళ్ళు తయారుచేసుకుని తర్వాత ఉద్యోగానికి వెళ్ళాలి.

చర్చి పెద్దలకి ఈ సంగతి తెలియక కాదు. 1980కి ముందు ఆదివారం పొద్దున ఒకసారి, సాయంత్రం మళ్ళీ ఒకసారి వెళ్ళాల్సి వచ్చేది, ప్రైమరీ వారం మధ్యలో. 1980లో అన్నీ కలిపి మూడు గంటలు చేశారు. 2019 జనవరి నుంచి అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ దాన్ని రెండు గంటలకి తగ్గించారు. చర్చి పెద్దల్లో ఒకరైన డాలిన్ ఓక్స్ 2007 అక్టోబర్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏడాదికి రెండుసార్లు జరిగే చర్చి మహాసభలో, పిల్లల సమయాన్ని మరీ కిక్కిరిసేలా నింపొద్దని, మంచి పని అయినంత మాత్రాన ప్రతిదీ చేయాల్సిన పని లేదని గట్టిగానే హెచ్చరించారు. కానీ 2019లో తగ్గిన గంట ఊరికే రాలేదు. 'రండి, నన్ను వెంబడించండి' అని ఇంట్లో చదవాల్సిన పాఠాలు దానితోపాటే వచ్చాయి. గంట చర్చిలోంచి వంటింటి బల్ల మీదకి వచ్చింది.

ఆ ఇంటి పాఠం చాలామంది దగ్గర చెడిపోయేది ఒకే రకంగా. వారం పాఠంలోని అధ్యాయాలన్నీ పూర్తి చేయాలనుకుంటారు, ఆరేళ్ళవాడు పావుగంటకే దొర్లడం మొదలెడతాడు, తండ్రికి కోపం వస్తుంది, మూడో వారానికి మానేస్తారు. ఐదారు వచనాలు, ఒక ప్రశ్న, పది నిమిషాలు, అదీ రాత్రి భోజనం బల్ల మీద అందరూ కూర్చుని ఉన్నప్పుడే. అలా అయితే ఏళ్ళతరబడి సాగుతుంది. దానికోసం రంగు కాగితాలు ప్రింటు తీసి, రిబ్బన్లు కట్టి, మిఠాయి జోడించే పద్ధతి ఒకటి ఉంది. దయచేసి అది మానేయండి. పిల్లలకి గుర్తుండేది మిఠాయే, తల్లికి మిగిలేది అర్ధరాత్రి కత్తెర పని.

ఇది చదువుతున్న సభ్యులెవరైనా ఉంటే ఒక మాట. పిలుపు వచ్చినప్పుడు అక్కడికక్కడ సరే అనొద్దు. వారానికి ఎన్ని గంటలు, ఏ రాత్రులు, నాతో ఎవరు పనిచేస్తారు, సుమారు ఎంతకాలం అని అడగండి. భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పెద్ద పిలుపులు ఇస్తుంటే ఆ సంగతి నోరు తెరిచి చెప్పండి. సాధ్యమైనంతవరకు ఒక మనిషికి ఒక పిలుపే అన్నది చర్చివాళ్ళ మాటే. పిల్లలున్న తల్లి "ఈ ఆరు నెలలు కుదరదు, నర్సరీలో రెండో మనిషిగా అయితే ఉంటాను" అంటే ఏ మంచి బిషప్పూ తప్పుపట్టడు. సమావేశాల్లో సగం ఫోను మాటతో అయిపోయేవే. నాయకులైనవాళ్ళు ముందు వాటిని తీసేయాలి.

ఇక మీ భోజనం సంగతి. వాళ్ళని 'మోర్మన్' అనొద్దు, 2018 నుంచి 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము' అనే పూర్తి పేరే వాడమని వాళ్ళ పెద్దలు అడుగుతున్నారు. పిలవడానికి సోమవారం వద్దు, యువకుల కార్యక్రమం ఉన్న రోజు ఏదో అడిగి అదీ వదిలేయండి. మొదటి ఆదివారం ఉపవాసం. ఏప్రిల్, అక్టోబర్ మొదట్లో కాన్ఫరెన్స్ ఉన్న శనాదివారాలూ అంతే, ఒక్కో విడత రెండు గంటల చొప్పున రెండు రోజులూ ఇంట్లో కూర్చుని చూస్తారు. శుక్రవారం సాయంత్రం అయితే చాలావరకు ఖాళీ. రెండు వారాల ముందు చెప్పండి, ఐదున్నరకే మొదలుపెట్టండి, ఎనిమిదింటికి వదిలేయండి. మర్నాడు భవనం శుభ్రం చేసే వంతు ఉండొచ్చు. టీ, కాఫీ, మందు వాళ్ళు తాగరు, అల్లం టీ అని చెప్పి తేయాకు వేసినది ఇవ్వొద్దు. మజ్జిగ, నిమ్మరసం హాయిగా తాగుతారు. పులిహోర పిల్లలకి నచ్చుతుంది, మిరపకాయలు ఏరేసి పెట్టండి. వెళ్ళేటప్పుడు మిగిలినది డబ్బాలో పెట్టి ఇస్తే శనివారం ఆ తల్లికి ఒక పూట వంట తప్పుతుంది.