ఐవీఎఫ్‌కు ముందు నిద్ర సరిచేసుకోవాలా? మా ఇంట్లో జరిగింది ఇది

జగిత్యాల నుంచి ఒక చెల్లె అడిగింది: "రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టదు. వచ్చే నెల ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) మొదలు. నిద్ర లేకపోతే ఫెయిలవుతుందా?"

ఫెయిలవుతుందని ఎవరూ చెప్పలేరు చెల్లె. నాకు మొదటిసారి గర్భం నిలవలేదు, రెండోసారి నిలిచింది. మధ్యలో నిద్ర మార్చుకున్న మాట నిజమే. కానీ మందుల డోసు కూడా మార్చారు, నా థైరాయిడ్ కూడా అదుపులోకి వచ్చింది. నిద్ర వల్లే నిలిచిందంటే అబద్ధం చెప్పినట్టే.

మాది భూపాలపల్లి. మా ఆయనది సింగరేణిలో డ్యూటీ. నైట్ షిఫ్టు వారం ఆయన బయల్దేరగానే నేను ఫోన్ పట్టుకుని పడుకునేదాన్ని. చూసేదేమిటంటే, ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్) తక్కువైతే పిల్లలు పుడతారా అనే వీడియోలు. ఒకటి చూస్తే ఇంకో పది వచ్చేవి. రెండు గంటలకు కన్ను మూస్తే, ఐదింటికి నల్లా వచ్చేది, బిందెలు పట్టాలి. మొదటిసారి సూదులు వేయించుకున్న పన్నెండు రోజులూ ఇట్లనే గడిచాయి.

రెండోసారి హన్మకొండలో చూపించుకున్నాం. ఆ డాక్టరమ్మ మొదట అడిగిందే "ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అని. చీకటి పడ్డాక మెదడు మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ తయారుచేస్తుందట. అండం చుట్టూ ఉండే ద్రవంలో కూడా అది ఉంటుంది, అండాన్ని కాపాడటంలో దానికీ పాత్ర ఉందంటారు. రాత్రిపూట కళ్లకు వెలుతురు తగిలితే అది తగ్గుతుంది. రాత్రి డ్యూటీలు చేసే ఆడవాళ్లకు పక్వమైన అండాలు తక్కువ వచ్చినట్టు కొన్ని పరిశోధనల్లో కనబడిందట. అయితే వయసు, అండాల నాణ్యత ముందు, నిద్ర ఆ తర్వాతేనని కూడా ఆమే చెప్పింది. మెలటోనిన్ బిళ్లలు, నిద్రమాత్రలు అడక్కుండా మింగొద్దని గట్టిగా చెప్పింది. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగలు) ఉండి గురక బాగా వస్తే మాత్రం డాక్టర్‌కు తప్పక చెప్పు, నిద్రలో ఊపిరి ఆగుతుందేమో చూస్తారు.

నిద్ర నీ ఒక్కదానికే కాదు. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మీ ఆయన నిద్ర ఇప్పటినుంచే లెక్కలోకి వస్తుంది. మా ఆయన పొద్దున డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే కిటికీలోంచి ఎండ మొహం మీద పడేది. నల్ల దుప్పటి తెచ్చి కిటికీకి మేకులు కొట్టేశాం. కాలింగ్ బెల్ వైరు పీకేశాం. పాలాయనకు, సిలిండర్ అబ్బాయికి ముందే చెప్పిపెట్టాం. పక్కింటి గ్రైండర్‌ను మాత్రం ఏమీ చేయలేకపోయాం.

నా వరకు చేసినవి మూడే. ఫోన్ వంటింట్లో చార్జింగ్ పెట్టి పదింటికల్లా పడుకోవడం, సాయంత్రం చాయ్ మానేయడం, సెలవు రోజైనా అదే టైముకు లేవడం. చాయ్ మానడమే అన్నిటికంటే కష్టమైంది. కుదురుకోవడానికి నెల పట్టింది, అందుకే ఈరోజే మొదలుపెట్టు.

ఎంబ్రియో (పిండం) గర్భసంచిలో పెట్టాక ఇంకో సంగతి. మా అత్తమ్మ "మంచం దిగకు బిడ్డా, జారిపోతది" అని కూర్చుంది. కదలకుండా పడుకుంటే లాభం లేదని డాక్టర్లే చెబుతున్నారు. పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, అంతే. నేను వంట చేసుకున్నాను, మెల్లగా నడిచాను. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ బిళ్లలతో మత్తుగా ఉంటే మధ్యాహ్నం ఒక అరగంట పడుకునేదాన్ని.

ఏదో ఒక రాత్రి నిద్ర పట్టకపోతే టెన్షన్ పడకు. కానీ ట్రిగ్గర్ సూది (అండాలు పక్వం కావడానికి వేసే ఆఖరి సూది) టైము మాత్రం తప్పకూడదు, అండాలు తీసే టైముకు సుమారు 36 గంటల ముందు వేస్తారు. నాకు రాత్రి పదిన్నరకు చెప్పారు. ఫ్రిజ్‌లో సూది, మూడు అలారాలు, కరెంటు పోతుందేమోనని భయం. వేయించుకున్నాక తెల్లారేదాకా ఒక్క కునుకు పడలేదు. నిలిచింది ఆసారే.